నెట్ నెల రోజులు ఆగితే ఇంట్లో ఏం ఉండాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గోదారిగట్టు
సెప్టెంబరు 6, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర ఒక లంక ఊరు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక మా వైపు మొబైల్ నెట్ ఆపేశారు. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందనుకున్నాం. రాలేదు. నేను ఇంటి నుంచే ఒక కంపెనీకి లెక్కలు చూస్తాను. పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, రావులపాలెం మీదుగా గోదావరి వంతెన దాటి, సిద్ధాంతం ఊరి వైపు ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని పని చేసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేదాన్ని.

పని సంగతి ఎలాగో గడిచింది. నన్ను భయపెట్టింది వేరే. ఆ రోజుల్లోనే ఒక రాత్రి మా పాపకి జ్వరం వచ్చింది. మందు సీసా ఇంట్లోనే ఉంది, డాక్టరు గారు రాసిన చీటీ ఫొటో కూడా తీసి పెట్టుకున్నాను. ఫోన్‌లో ఆ ఫొటో చిన్నగా, మసకగా కనబడుతోంది. నొక్కితే పెద్దది కాదు, చక్రం తిరుగుతూనే ఉంది. జాగా సరిపోవడం లేదని ఎప్పుడో అసలు ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి పంపేసి ఫోన్‌లో నమూనాలు మాత్రం ఉంచాను. ఎన్ని ఎంఎల్ పోయాలో తెలియక, అర్ధరాత్రి పక్క వీధిలో ఉన్న నర్సమ్మ గారి తలుపు కొట్టాను.

మళ్లీ తుఫానుల కాలం వస్తోంది. ఈసారి ముందే సర్దుకోవాలని ఉంది. ఒక మామూలు ఇంటికి ఏమేం దించి పెట్టుకోవాలి, ఎందులో పెట్టుకోవాలి, ఎన్నాళ్లకోసారి మార్చుకోవాలి? నాకు సాంకేతిక పరిజ్ఞానం కొంచెమే. దయచేసి వివరంగా చెప్పండి.

టవర్‌బాబాయి
సెప్టెంబరు 6, రాత్రి 10:02

అమ్మాయ్, మంచి పని మొదలుపెట్టావు. ముప్పై ఏళ్లు టెలికాంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఒక మాట ముందు చెబుతాను. నెట్ పోవడంలో రకాలున్నాయి. ఏ రకానికి సిద్ధపడుతున్నామో తెలియకపోతే డబ్బు, శ్రమ రెండూ వృథా అవుతాయి.

మీ దగ్గర జరిగింది ఉత్తర్వుతో ఆపడం. అందులో కరెంటు ఉంటుంది, మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు చాలాసార్లు పనిచేస్తాయి. డేటా ఒక్కటే ఉండదు. కశ్మీర్‌లో 2019 ఆగస్టు మొదట్లో ఆపినప్పుడు ఫోన్లు కూడా పోయాయి. 2020 జనవరిలో 2జీ ఇచ్చారు, 4జీ మళ్లీ రావడానికి 2021 ఫిబ్రవరి అయింది. అక్కడివాళ్లు నెట్ కోసం రైలెక్కి బనిహాల్ దాకా వెళ్లేవారు, నువ్వు సిద్ధాంతం వెళ్లినట్టే. మణిపూర్‌లో 2023 మే నుంచి మొబైల్ నెట్ నెలల తరబడి లేదు. కాబట్టి 'నెల రోజులు' అన్న నీ లెక్క అతి కాదు.

రెండోది తుఫాను. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను. టవర్ పడిపోకపోయినా దాని కింద బ్యాటరీలు కొన్ని గంటలే లాగుతాయి. తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడవాలి. రోడ్ల మీద చెట్లు అడ్డంగా పడి ఉంటే డీజిల్ బండి రాదు. ఇప్పుడు మన రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చిన ఫైబర్‌లో చాలా భాగం కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. స్తంభం ఒరిగితే కరెంటూ, నెట్టూ కలిసే పోతాయి.

మూడోది సముద్రం అడుగున కేబుల్ తెగడం. మన దేశానికి ముంబై, చెన్నై తీరాల్లో చాలా కేబుళ్లు వచ్చి దిగుతాయి, కాబట్టి ఒకటి రెండు తెగితే నెట్ నెమ్మదిస్తుందే కానీ ఆగదు. టోంగా లాంటి చిన్న దీవికి అలా కాదు. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలి వాళ్ల ఒక్క కేబుల్ తెగితే, అతికించడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది.

నువ్వు మొదటి రెండింటికీ సిద్ధపడితే చాలు. తుఫానుకి సిద్ధపడ్డవాళ్లు ఉత్తర్వుకీ సిద్ధపడ్డట్టే. అందుకని కరెంటు లేదనుకునే మొదలుపెట్టు.

సర్వర్‌సుబ్బు
సెప్టెంబరు 6, రాత్రి 11:37

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది. కివిక్స్ అనే ఉచిత యాప్ ఉంది, ఫోన్‌లోనూ కంప్యూటర్లోనూ నడుస్తుంది. జిమ్ అనే రకం ఫైల్ దించుకుంటే వికీపీడియా మొత్తం నెట్ లేకుండా చదువుకోవచ్చు. ఇంగ్లిష్ వికీపీడియా బొమ్మలతో సహా 100 జీబీ దాటుతుంది, బొమ్మలు వద్దనుకుంటే సుమారు సగం. తెలుగు వికీపీడియా దానితో పోలిస్తే చాలా చిన్నది, సాధారణ ఫోన్‌లోనే పడుతుంది. లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వైద్యానికి సంబంధించిన ఇంగ్లిష్ వ్యాసాలు మాత్రమే విడిగా ఇచ్చే వికీమెడ్ కూడా ఉంది. నా దగ్గర 8 టీబీ డిస్కులు రెండు నిండా ఇవే. వీలైనంత దించేయండి గోదారిగట్టు గారూ, జాగా చవకే కదా.

ఒక జాగ్రత్త. నేను మొదటిసారి ఇంగ్లిష్ వికీ దించడానికి మూడు రోజులు పట్టింది. తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే ఫైల్ పెద్దదని ఒప్పుకోలేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఫోన్ మెమరీ కార్డుకీ ఇదే వర్తిస్తుంది. పెద్ద ఫైళ్లు టోరెంట్ ద్వారా దించితే మధ్యలో తెగినా మళ్లీ ఆగిన చోటు నుంచే మొదలవుతుంది, ఫైల్ సరిగా వచ్చిందో లేదో కూడా అదే సరిచూస్తుంది.

జీడితోట
సెప్టెంబరు 7, ఉదయం 6:50

సుబ్బు గారూ, మీరు చెప్పినవి మంచివే, కాదనను. కానీ 8 టీబీ కంటే ముందు ఒక్క కాగితం గురించి చెప్పాలి.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా కొబ్బరి తోట నేల మీద పడుకుని ఉంది. జీడి చెట్లు వేళ్లతో లేచిపోయాయి. మా లోపలి ఊళ్లకి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. ఫోన్లు మూగబోయాయి.

మా నాన్నకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ మాట విన్నవాళ్లు కొత్తగా అడిగేదేమీ ఉండదు, ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరున్నారు. నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఎప్పుడూ వెళ్లే చోట యంత్రాలకి కరెంటు లేదు. చెట్లు నరుక్కుంటూ, దారి చేసుకుంటూ, బంధువుల బండి మీద వేరే ఊరి సెంటర్‌కి తీసుకెళ్లాం. అక్కడి సిస్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రిపోర్టులు ఉన్నాయా?" వాటిని బట్టే ఏ యంత్రం మీద ఎక్కించాలో నిర్ణయిస్తారట. రెండో ప్రశ్న: "డ్రై వెయిట్ ఎంత?" అంటే ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువు. అది తెలియకుండా ఎంత నీరు తీయాలో చెప్పలేరు.

రిపోర్టులన్నీ ఆసుపత్రి యాప్‌లో ఉన్నాయి. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. తెరుచుకోలేదు. వాళ్లు మళ్లీ రక్తం తీసి పరీక్ష చేసి, ఫలితం వచ్చేదాకా నాన్నని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ కొన్ని గంటలు ఆయన ఊపిరి ఎలా పీల్చారో నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కార్డు ఉంది. ఇలాంటి రోగి ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి రాసుకోండి: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, డ్రై వెయిట్, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే రక్తనాళం) ఏ చేతికి ఉంది, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇస్తున్నారా లేదా, ఆ మూడు వైరస్ పరీక్షల తేదీ, ఫలితం, చివరి హిమోగ్లోబిన్, పొటాషియం, పడని మందులు, వాడుతున్న మందులు డోసుతో సహా. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషన్ కార్డు ఉండే స్టీలు డబ్బాలో ఉంచాను. ఫొటో నా ఫోన్‌లో, తమ్ముడి ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో కూడా ఉంది, క్లౌడ్‌లో కాదు, ఫోన్ లోపలే. రిపోర్టు కొత్తది వచ్చిన రోజే కార్డు మార్చాలి.

షుగరు, గుండె, ఫిట్స్, గర్భిణి, ఎవరికైనా ఇలాంటి కార్డే రాయొచ్చు, వివరాలు మారతాయంతే.

గోదారిగట్టు
సెప్టెంబరు 7, ఉదయం 7:31

జీడితోట గారూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారండీ? నేను ఈ రోజే మా అత్తగారి షుగరు మందులు, పాప బరువు, దానికి పడని మందు, అన్నీ రాసేస్తాను.

జీడితోట
సెప్టెంబరు 7, ఉదయం 7:44

బాగానే ఉన్నారండీ. మంగళ, శుక్రవారాలు వెళ్తున్నారు.

సర్వర్‌సుబ్బు
సెప్టెంబరు 7, ఉదయం 9:05

జీడితోట గారూ, మీరన్నది నిజం. నేను ఎంత ఎక్కువ దాచానన్నదే చూశాను. మా అమ్మ బీపీ మందు పేరు నాకు తెలియదని ఇప్పుడు మీ పోస్టు చదివాక అర్థమైంది. ఫోన్ చేసి కనుక్కున్నాను, రాసుకున్నాను.

కాగితాల విషయంలో నాకు తెలిసింది చెబుతాను. డిజిలాకర్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు, లాగిన్ అవ్వడానికి నెట్ కావాలి. ఒక్కొక్కటీ పీడీఎఫ్‌గా దించి ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. దించుకున్న ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. అవసరం పడ్డప్పుడు తడుముకోకుండా ముందే ఒకసారి తెరిచి చూసుకోండి.

విండోస్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఇంకొకటి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు మొత్తం బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది, మనం వేయకపోయినా. ఏదైనా తేడా వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో, అంటే నెట్‌లో ఉంటుంది. ఇప్పుడే ఖాతా తెరిచి ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి. పాస్‌వర్డ్‌లకి కీపాస్‌ఎక్స్‌సీ లాంటిది వాడితే ఫైల్ మన దగ్గరే ఉంటుంది.

టవర్‌బాబాయి
సెప్టెంబరు 7, ఉదయం 10:20

పొలం కాగితాలు మరిచిపోవద్దు. తుఫాను తర్వాత నష్టం రాయడానికి వచ్చినవాళ్లు పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అడుగుతారు. అడంగల్, 1బీ ఇప్పుడే దించి ప్రింటు తీయించుకోండి. ఇంకో పని: తుఫాను రాకముందే ఇల్లు, తోట, పశువులు, పడవ, వల, అన్నిటి ఫొటోలు తేదీ కనబడేట్టు తీసి పెట్టుకోండి. పోయాక 'ఉండేది' అని చెప్పడం చాలా కష్టం.

పాడేరుమాస్టారు
సెప్టెంబరు 7, రాత్రి 8:15

నేను ఏజెన్సీలో ఒక గూడెం బడిలో చెబుతాను. మా దగ్గర సిగ్నల్ కావాలంటే ఇప్పటికీ గుట్ట ఎక్కాలి. మీరు నెలకి సిద్ధపడుతున్నారు, మా పిల్లలు ఏడాది పొడుగునా అలాగే చదువుతున్నారు. అందుకే నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

సర్వర్ కొననక్కరలేదు. పగిలిన తెర ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. అందులో 128 జీబీ కార్డు వేసి, కివిక్స్ పెట్టి, తెలుగు వికీపీడియా, విక్షనరీ, ఇంకా కొన్ని ఫైళ్లు వేశాను. కివిక్స్ ఆండ్రాయిడ్ యాప్‌లో పుస్తకాలను హోస్ట్ చేసే ఏర్పాటు ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి అది మొదలుపెడితే తెర మీద అంకెల్లో ఒక చిరునామా కనబడుతుంది. మిగతావాళ్లు ఆ హాట్‌స్పాట్‌కి కలిసి, బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే చాలు, వాళ్ల ఫోన్‌లో ఏ యాప్ లేకపోయినా వికీపీడియా తెరుచుకుంటుంది. సిమ్ అక్కరలేదు, డేటా అక్కరలేదు. ఒక గదిలో నలుగురైదుగురు పిల్లలు హాయిగా చదువుతారు.

తెలుగు వికీలో ఒక మంచి సంగతి: మన ఊళ్ల వ్యాసాలు. 2011 జనగణన లెక్కలతో వేల గ్రామాలకి వ్యాసాలు రాశారు. జనాభా, బడి, ఆసుపత్రి ఎంత దూరం, నీటి వసతి, సాగు భూమి, అన్నీ ఉంటాయి. పిల్లలు మొదట వెతికేది వాళ్ల ఊరినే. ఒక పాప తన గూడెం పేరు కనబడగానే ఫోన్ తీసుకెళ్లి వాళ్లమ్మకి చూపించింది. వైద్యం, సైన్సు వ్యాసాలు మాత్రం తెలుగులో కొన్ని చాలా పొట్టిగా ఉంటాయి, వాటికి ఇంగ్లిష్ కూడా పక్కన ఉంచుకోవాలి.

పాఠ్యపుస్తకాలకి రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ పీడీఎఫ్‌లు ఇస్తున్నాయి. దీక్ష యాప్‌లో పాఠాలు ముందే దించుకుని తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు. మీ పిల్లల తరగతివి, ఆ పై తరగతివి కూడా పెట్టుకోండి. పీడీఎఫ్ చదివే యాప్ ఏదైనా సరే, ఫ్లైట్ మోడ్‌లో తెరుచుకుంటుందో లేదో ముందు పరీక్షించండి. కొన్ని యాప్‌లు లాగిన్ అడుగుతాయి.

గోదారిగట్టు
సెప్టెంబరు 7, రాత్రి 9:40

మాస్టారూ, పాత ఫోన్ ఒకటి మా బీరువాలో పడి ఉంది. దానికి పని దొరికింది. తుఫానులో దాన్ని ఎలా చార్జ్ చేయాలి? మా ఇన్వర్టర్ ఫ్యాన్లకే సరిపోదు.

టవర్‌బాబాయి
సెప్టెంబరు 8, ఉదయం 6:30

లెక్క వేసుకుందాం అమ్మా. ఇళ్లలో మామూలుగా ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ 12 వోల్టులది. అంటే కాగితం మీద 1800 వాట్‌అవర్లు. సగానికి మించి వాడకుండా ఉంటే బ్యాటరీ బతుకుతుంది, కాబట్టి చేతికి 900 అనుకో. ఒక ఫ్యాన్ 75 వాట్లు. రెండు ఫ్యాన్లు ఆరు గంటలు తిరిగితే 900 అయిపోయింది. అదే ఫోన్ ఒకసారి పూర్తిగా చార్జ్ అవ్వడానికి 20 వాట్‌అవర్లు సరిపోతాయి. రోజుకి మూడు ఫోన్లు చార్జ్ చేసినా 60. ఫ్యాన్లు ఆపేస్తే అదే బ్యాటరీ మీద ఫోన్లు రెండు వారాలు నడుస్తాయి. కాకపోతే ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత తింటూనే ఉంటుంది, చార్జింగ్ అయ్యాక ఆపేయాలి. ఆన్‌లో ఉంచి మరిచిపోవడమే అందరూ చేసే పొరపాటు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే పవర్‌బ్యాంకులు నింపుకోవాలి. బండికి పెట్టుకునే యూఎస్‌బీ చార్జర్ ఒకటి ఉంచుకోండి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్ ఊరికే వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది, కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఐదేసి నిమిషాలు తీసి చూడండి.

ఇంకోటి. తుఫాను వేళల్లో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరుస్తూ ఉంటుంది. అంటే మన కంపెనీ టవర్ పడిపోయినా, బతికి ఉన్న వేరే కంపెనీ టవర్ మీద మాట్లాడొచ్చు. ఫోన్ తనంతట తాను పట్టుకోకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్ తీసేసి, కనబడే పేర్లలో ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూడండి. ఇది తెలియక చేతిలో సిగ్నల్ పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను.

డల్లాస్‌లో_రాజమండ్రి
సెప్టెంబరు 8, ఉదయం 8:12

బాబాయి గారికి నమస్కారం. మా అమ్మానాన్న విశాఖలో మా అక్క దగ్గర ఉన్నప్పుడే హుద్‌హుద్ వచ్చింది. నాలుగు రోజులు ఒక్క మాట లేదు. ఇక్కడ టీవీలో బీచ్ రోడ్డు చూపిస్తుంటే నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసింది, అక్క వాళ్లు ఒకసారి సిగ్నల్ దొరికి నాకే చేయబోయారు, ఇంటర్నేషనల్ కాల్ కలవలేదు. హైదరాబాద్‌లో పిన్నికి ఒక్క ఎస్సెమ్మెస్ పెట్టి ఉంటే ఆమె నాకు చెప్పేది. ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు మాకో కట్టుబాటు ఉంది. ఏదైనా జరిగితే అందరూ పిన్నికే చెప్పాలి. కాల్ ప్రయత్నించొద్దు, ఎస్సెమ్మెస్ పెట్టాలి, అది కాస్త సిగ్నల్ దొరికినా వెళ్తుంది. నంబర్లు కాగితం మీద ఉన్నాయి, నాన్న పర్సులో ఒకటి, దేవుడి గదిలో ఒకటి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి మాకే రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఇదే పనికొచ్చింది. ఈసారి మేం బాగున్నామని పిన్ని అటు చెప్పింది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి నా మనవి: దసరాకో సంక్రాంతికో ఊరికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్ తీసుకుని కూర్చోండి. ఫొటోలు, రిపోర్టులు, ఇన్సూరెన్స్ పాలసీ నంబర్లు వాళ్ల ఫోన్‌లోకి దించండి. వీడియో కాల్‌లో చెబితే వాళ్లకి అర్థం కాదు.

సర్వర్‌సుబ్బు
సెప్టెంబరు 8, రాత్రి 10:50

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. డేటా లేకపోయినా కాల్స్ పనిచేస్తుంటే *99# డయల్ చేసి యూపీఐ చెల్లింపు చేయొచ్చు, ఒకసారికి 5000 రూపాయల దాకా. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు మొదలుపెట్టిన యూపీఐ 123పే కూడా మామూలు ఫోన్ల కోసమే. కానీ బ్యాంకుకి ఇచ్చిన నంబర్ నుంచే చేయాలి, పిన్ ముందే పెట్టుకుని ఉండాలి. నెట్ ఉన్నప్పుడే ఒక్క రూపాయి పంపి చూసుకోండి. టవరే లేకపోతే ఇది కూడా ఉండదు. అప్పుడు నోట్లే. ఏటీఎమ్‌కి కూడా నెట్‌వర్క్ కావాలి కాబట్టి వంద, యాభై నోట్లు కొన్ని ఇంట్లో పెట్టుకోవాలి.

పుస్తకాలమేడ
సెప్టెంబరు 9, సాయంత్రం 5:25

అవసరాలన్నీ చెప్పారు. రాత్రిపూట కరెంటు లేని ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఏం చేస్తారన్నది కూడా అవసరమే అని నా అభిప్రాయం. హుద్‌హుద్ రాత్రుల్లో మా అమ్మమ్మ భాగవతం పద్యాలు చెప్పబట్టి మా పిల్లలు గాలి హోరు మరిచి నిద్రపోయారు.

అద్దె పుస్తకాలు, అద్దె సినిమాల మీద ఆధారపడొద్దు. ఓటీటీలో, పాటల యాప్‌లలో 'డౌన్‌లోడ్' అని ఉంటుంది కానీ చాలావాటికి గడువుంటుంది, నెలకోసారైనా నెట్‌కి కలపకపోతే తెరుచుకోవు. నిజంగా మన దగ్గర ఉండేవి కావాలంటే తెలుగు వికీసోర్స్‌లో కాపీహక్కులు తీరిన పుస్తకాలు ఉన్నాయి, పోతన భాగవతం, వేమన పద్యాలు, శతకాలు దొరుకుతాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి. స్కాన్లు కొన్ని మసకగా ఉంటాయి, దించాక మధ్య పేజీలు తెరిచి చూడండి. ఇవాళ్టి రచయితల పుస్తకాల దొంగ పీడీఎఫ్‌లు మాత్రం దయచేసి పంచుకోవద్దు. కొనండి, కాగితం పుస్తకానికి చార్జింగ్ అక్కరలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు పాడిన పాటలు, చెప్పిన కథలు ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే వాటిని కూడా రెండో చోట దాచుకోండి. వికీపీడియాని మళ్లీ ఎప్పుడైనా దించుకోవచ్చు, అమ్మమ్మ గొంతు దొరకదు.

సర్వర్‌సుబ్బు
సెప్టెంబరు 9, రాత్రి 9:18

చివరి మాటకి కలుపుతున్నాను. ముఖ్యమైనవి మూడు ప్రతులుండాలి, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే లోపలి డేటా చెదిరిపోయే అవకాశం ఉంది. దాచడానికి తిరిగే హార్డ్‌డిస్క్ నయం, అది కింద పడకూడదంతే. మన తీరానికి తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, మళ్లీ మే నెలలో వస్తాయి కాబట్టి సెప్టెంబరు చివర, ఏప్రిల్ చివర ఒకసారి తీసి, తెరిచి, కొత్తవి వేసుకుంటే సరిపోతుంది.

లంకకుర్రాడు
సెప్టెంబరు 10, మధ్యాహ్నం 1:05

అక్కా, మాది కూడా కోనసీమే. నెట్ ఆపినప్పుడు దాటుకుని వాడే యాప్‌లు ఏమైనా ముందే పెట్టుకోవచ్చా?

నిర్వాహకులు
సెప్టెంబరు 10, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, ఉత్తర్వు ఉన్నప్పుడు దాన్ని దాటే పద్ధతులు ఇక్కడ చర్చించం. అడిగే హక్కు మాత్రం నీకుంది. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: నెట్ ఆపే ఉత్తర్వును ప్రచురించాలి, నిరవధికంగా ఆపకూడదు, అవసరానికి తగినంతే ఉండాలి. ఉత్తర్వు కాపీ అడగడం, కోర్టులో ప్రశ్నించడం చట్టబద్ధమైన దారులు.

గోదారిగట్టు
సెప్టెంబరు 15, ఉదయం 7:20

నిన్న ఆదివారం పరీక్ష పెట్టుకున్నాం. శనివారం రాత్రి పడుకునే ముందు రూటర్ తీసేసి, అందరి ఫోన్లలో డేటా ఆపేశాం. ఆదివారం సాయంత్రం నుంచి మెయిన్ స్విచ్ కూడా కట్టేశాం.

ఏమేం ఆగిపోయాయో రాస్తున్నాను. నా లెక్కల ఫైల్ ఆన్‌లైన్‌లోనే ఉంది, తెరుచుకోలేదు. నెట్ లేకుండా నడిచే లిబ్రేఆఫీస్ పెట్టుకుని దానికి ఒక ప్రతి దించాలి. నోట్స్ యాప్ లాగిన్ అడిగింది. మా ఆయన ఫోన్‌లో తెలుగు మాటతో టైపు చేయడం పనిచేయలేదు, ఆఫ్‌లైన్ భాష ముందే దించుకోవాలట. అత్తగారికి సీరియల్ లేక తోచలేదు. పాత రేడియో తీసి కొత్త సెల్స్ వేస్తే విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వినబడింది. ఆమె ముఖం వెలిగిపోయింది, చిన్నప్పుడు వినేవాళ్లమని పాపకి చెప్పుకుంటూ కూర్చున్నారు.

ఏవి బాగా పనిచేశాయో కూడా చెప్పాలి. పాత ఫోన్‌లో కివిక్స్ మాస్టారు చెప్పినట్టే నడిచింది, ఎదురింటి పిల్లలు కూడా వచ్చి కలిశారు. మ్యాప్‌కి ఆర్గానిక్ మ్యాప్స్ వేసి ఆంధ్రప్రదేశ్ దించాను. సైకిల్ మీద బయల్దేరి చూస్తే, మొదట నేనున్న చోటు చూపే చుక్క పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. తర్వాత చక్కగా కదిలింది. కానీ మా లంకలో ఏటిగట్టు దారి, తుఫాను షెల్టర్, పడవల రేవు ఏవీ అందులో లేవు.

సర్వర్‌సుబ్బు
సెప్టెంబరు 15, ఉదయం 9:02

జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది, నెట్ అక్కరలేదు. నెట్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోన్‌కి ముందే తెలుస్తుంది, లేకపోతే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే నెమ్మదిగా తీసుకోవాలి. అందుకే ఆ ఆలస్యం. ఆకాశం బాగా కనబడే చోట కదలకుండా నిలబడితే త్వరగా దొరుకుతుంది.

లేని దారుల్ని మీరే చేర్చొచ్చు. ఆ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తుంది, ఎవరైనా ఖాతా తెరిచి దిద్దొచ్చు. షెల్టర్, రేవు లాంటి చోట్లు యాప్ నుంచే పెట్టొచ్చు, దారులు గీయడానికి కంప్యూటర్ మంచిది. ఇప్పుడు చేరిస్తే తర్వాతి మ్యాప్ అప్‌డేట్‌లో అందరికీ వస్తాయి. సహాయానికి బయటి నుంచి వచ్చే బృందాలు కూడా ఈ మ్యాపు వాడుతుంటాయి.

లంకకుర్రాడు
సెప్టెంబరు 15, ఉదయం 9:40

అక్కా, దారులు నేను గీస్తాను. పడవ రేవులన్నీ నాకు తెలుసు. మన రెండు ఊళ్లకీ ఈ వారంలో చేసేస్తాను.

గోదారిగట్టు
సెప్టెంబరు 28, రాత్రి 8:55

లంక తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు. ఇవాళ మ్యాప్ మళ్లీ దించితే మా ఏటిగట్టు, షెల్టర్, మూడు రేవులు కనబడ్డాయి. మా ఇంటి డబ్బా కూడా తయారైంది: పాత ఫోన్, పవర్‌బ్యాంకు, రేడియో, సెల్స్, హార్డ్‌డిస్క్, కవరులో కాగితాలు, నంబర్ల చీటీ, చిల్లర నోట్లు. హార్డ్‌డిస్క్ రెండో ప్రతి మండపేటలో మా అన్నయ్య ఇంట్లో పెట్టాను. పాప మందు కొలతలు బీరువా తలుపు లోపలి వైపు అంటించాను.

నర్సమ్మ గారికి చెబితే, వీధిలో ఇంకెవరి ఇంట్లో రోగులున్నారో ఆవిడే లెక్క చెప్పారు. పదకొండు ఇళ్లు. జీడితోట గారూ, మీ కార్డు నమూనా ఆ పదకొండు ఇళ్లకీ రాసి ఇస్తున్నాం. ఒకరికి డయాలసిస్ ఉంది. వైరస్ పరీక్ష ఎన్నాళ్ల కిందటిదైతే ఒప్పుకుంటారు?

జీడితోట
సెప్టెంబరు 29, ఉదయం 6:15

సెంటర్‌ని బట్టి మారుతుందండీ, వాళ్లు వెళ్లే చోటే అడగమనండి. దగ్గరలో ఉన్న ఇంకో రెండు సెంటర్ల నంబర్లు, అక్కడ ఏ రోజుల్లో ఖాళీ ఉంటుందో కూడా కార్డు వెనక రాయించండి. మాకు ఆ రోజు అదీ తెలియలేదు. రేపు మంగళవారం, నాన్నతో వెళ్తున్నాను. కొత్త రిపోర్టు వస్తుంది, మా కార్డు కూడా రేపే మారుస్తాను.